మందు మానాలనుకునేవాళ్లు ఏ మీటింగుకి వెళ్లాలి: విజయవాడ, గుంటూరు వాళ్ల కోసం

తాగుడు మానినవాళ్లు, మానుతున్నవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే మీటింగు గురించి అడిగేవాళ్లంతా మొదట వేసే ప్రశ్న ఒకటే: ఏది మంచిది? మేం తిరిగి అడిగేది వేరు. మీకు నాలుక పీకే వేళ ఏది? ఆటోనగర్‌లో షెడ్డు కట్టేసి చేతులు కడుక్కునే సాయంత్రం ఆరున్నరా? మిర్చి యార్డులో లెక్క తేలి చేతిలో డబ్బు పడ్డ మధ్యాహ్నమా? ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేశాక ఎనిమిదా? ఆదివారం మాంసం తెచ్చి ఇంట్లో ఇచ్చాక పదకొండా? ఆ గంటలో మీరు ఎక్కడ కూర్చోగలరో అదే మీ మీటింగు. తెలుగా ఇంగ్లీషా, దేవుడి మాట ఉందా లేదా, ఎదురుగానా ఫోన్లోనా అన్నవన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు. ఎంత గొప్ప మీటింగైనా పొద్దున పదింటికి జరుగుతూ, మీరు తాగేది రాత్రి ఎనిమిదింటికైతే, మధ్యలో పది గంటలు మీరు ఒంటరే.

అందుకే ఎంపిక మొదలుపెట్టే ముందు ఒక కాగితం తీసుకుని గడిచిన రెండు వారాలు రాయండి. ఏ రోజు, ఎన్నింటికి, ఎవరితో, ఏ షాపులో. పదిహేను నిమిషాల పని. మీ వారంలో ప్రమాదం ఏ రెండు మూడు గంటల్లో ఉందో అందులోనే కనిపిస్తుంది.

ముందు డాక్టరా, ముందు మీటింగా?

కొందరికి ఇందులో ఎంపికే లేదు. పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక పెగ్గు పడితే గానీ వణుకు ఆగనివాళ్లు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, లేని మనుషులో పురుగులో కనిపించినవాళ్లు ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంట్లో మెదడు మందుకి అలవాటుపడి పనిచేస్తుంటుంది. ఒక్కసారిగా ఆపితే అదుపు తప్పుతుంది. చివరి పెగ్గు పడిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా 12 నుంచి 48 గంటల మధ్య. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి పగలో రాత్రో తెలియని అయోమయం, జ్వరం, భ్రమలు వస్తాయి. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఈ దశలో 108కి ఫోన్ చేయాలి, మీటింగుకి కాదు.

మన వైపు ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి ఉంది. నీరసంగా ఉన్నాడని వీధిలోని ఆర్‌ఎంపీ చేత గ్లూకోజు సెలైన్ పెట్టిస్తారు. తిండి మానేసి తాగినవాళ్లలో థయమిన్, అంటే బీ1 విటమిన్, అడుగంటి ఉంటుంది. ఉన్న ఆ కాస్తనీ గ్లూకోజు వాడేసుకుంటుంది. దాంతో చూపు తేలిపోవడం, నడక తూలడం, అయోమయం మొదలై, జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. అందుకే ఆసుపత్రిలో గ్లూకోజు కంటే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. వణుకుకీ ఫిట్స్‌కీ క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరాజెపామ్ లాంటి మందులు మొదలుపెట్టి, సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గించి ఆపేస్తారు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రులైన జీజీహెచ్‌లు రెండింటిలోనూ సైకియాట్రీ విభాగం ఉంది. ఓపీ ఉదయం పూట చూస్తారు. ఆధార్ కార్డు, పాత చీటీలు, ఇప్పటికే వాడుతున్న బీపీ, షుగర్ మాత్రల పట్టీ వెంట తీసుకెళ్లండి. రోజుకి ఎంత తాగుతారో నిజం చెప్పండి. రెండు క్వార్టర్లు తాగేవాళ్లు ‘ఏదో కొంచెం’ అంటే డాక్టరు రాసే మోతాదు సరిపోదు, ఇంట్లోనే ఫిట్స్ రావచ్చు.

ఎటూ తేలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మత్తు పదార్థాలకే ప్రత్యేకించిన జాతీయ హెల్ప్‌లైన్ 14446.

మాల వేసుకుని మానేవాళ్లకీ ఈ మాటే. అయ్యప్ప దీక్ష, ఇంద్రకీలాద్రికి వెళ్లే భవానీ దీక్ష మన దగ్గర వేలమంది చేత మందు మాన్పిస్తాయి. ఆ నలభై ఒక్క రోజుల బలాన్ని మేం తక్కువ చేయం. కానీ రోజూ ఎక్కువ తాగేవాళ్లు మాల వేసుకునే రోజునే ఆపితే మొదటి నాలుగు రోజుల గండం ఒకటి ఉంది. మాల తీసిన రాత్రి రెండో గండం. మొదటిదానికి డాక్టరు కావాలి, రెండోదానికి మీటింగు కావాలి. దీక్ష ముప్పయ్యో రోజుకల్లా ఒక మీటింగుకి వెళ్లి వచ్చి ఉంటే, విరమణ రోజు సాయంత్రం ఎక్కడికి వెళ్లాలో ముందే తేలిపోయి ఉంటుంది.

ఏఏ మీటింగు

ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను అందరూ ఏఏ అనే అంటారు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు, ఒకరు షేర్ల వ్యాపారం తెలిసినవాడు, ఇంకొకరు సర్జన్, ఒకరికొకరు తోడుండి మానడంతో మొదలైంది. అక్కడ డాక్టర్లు పాఠం చెప్పరు. మానినవాళ్లు, మానుతున్నవాళ్లు వరసగా మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. సభ్యత్వానికి ఒకటే షరతు: తాగుడు మానాలన్న కోరిక. ఫీజు లేదు. చివర్లో ఒక సంచో డబ్బానో తిప్పుతారు. పదో ఇరవయ్యో వేస్తారు, గది అద్దెకీ టీకీ పోతుంది. కొత్తవాళ్లు వేయకపోయినా ఎవరూ ఏమీ అనరు. బయటివాళ్ల నుంచి విరాళం తీసుకోకూడదన్నది వాళ్ల నియమం.

ఇది పనిచేస్తుందా అంటే, 2020లో వైద్య అధ్యయనాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మందిని కలిపి సమీక్షించింది. రోగిని ఒక పద్ధతి ప్రకారం ఏఏ వైపు నడిపించే చికిత్స, పూర్తిగా మానేసి ఉండటం అనే లెక్కలో, ఆలోచనలు మార్చే కౌన్సెలింగ్ లాంటి చికిత్సల కంటే మెరుగైన ఫలితం ఇచ్చిందని తేల్చింది. తాగే మోతాదు తగ్గడం లాంటి మిగతా లెక్కల్లో దాదాపు సమానంగా నిలిచింది. అంటే పూర్తిగా మానాలనుకునేవాళ్లకి ఏఏ గట్టి ఎంపిక. ‘వారానికోసారి తాగుతా, అదుపులో ఉంటా’ అనుకునేవాళ్లకి అక్కడ మాట కలవదు.

మీటింగుల్లో రెండు రకాలు. క్లోజ్డ్ మీటింగుకి తాగుడు సమస్య ఉన్నవాళ్లే వెళ్లాలి. ఓపెన్ మీటింగుకి భార్య, అన్న, స్నేహితుడు, నర్సింగ్ విద్యార్థి ఎవరైనా వెళ్లి వెనక కూర్చోవచ్చు. మొదటిసారి ఒంటరిగా వెళ్లడానికి కాళ్లు రాకపోతే ఓపెన్ మీటింగు చూసుకుని ఒకరిని తోడు తీసుకెళ్లండి. ఆ తర్వాత మాత్రం క్లోజ్డ్ మీటింగు మేలు. ఇంట్లోవాళ్లు పక్కనుంటే బయటికి రాని మాటలు అక్కడ వస్తాయి.

మన ఊళ్లలో చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోవడానికి రెండు అనుమానాలు కారణం. మొదటిది మతం. చాలాచోట్ల మీటింగులు చర్చి ఆవరణలోనో మిషన్ స్కూలు గదిలోనో జరుగుతాయి. దాంతో ‘మతం మార్చేస్తారేమో’ అని హిందూ, ముస్లిం కుటుంబాలు వెనకడుగు వేస్తాయి. చర్చివాళ్లకి సాయంత్రాలు గది ఖాళీగా ఉంటుంది, తక్కువ అద్దెకి ఇస్తారు. ఏఏకీ ఆ చర్చికీ ఉన్న బంధం అంతే. మానే దారిగా ఏఏ చెప్పే పన్నెండు సూత్రాలను మెట్లంటారు. ఆ పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంది, కానీ ‘మేం అర్థం చేసుకున్న మేరకు’ అన్న షరతుతో ఉంది. దుర్గమ్మను తలుచుకునేవాళ్లు, అల్లాను తలుచుకునేవాళ్లు, ఈ గదిలో కూర్చున్న మనుషులే నాకంటే పెద్ద శక్తి అనుకునేవాళ్లు ఒకే వరసలో కూర్చుంటారు. గోరా నాస్తిక కేంద్రం 1947 నుంచి ఉన్న ఊరు విజయవాడ. దేవుణ్ని నమ్మనివాళ్లు ఇక్కడ కొత్త కాదు. మెట్లు చదివేటప్పుడు ఆ మాట దగ్గర మౌనంగా ఉన్నా ఎవరూ నిలదీయరు.

రెండోది పరువు. మన కాలనీవాడు కనిపిస్తే? కనిపిస్తే, ఆయన వచ్చిందీ అందుకే. ఆ గదిలో పూర్తి పేరు అడగరు, రిజిస్టరు ఉండదు, కులం, ఉద్యోగం, జీతం ఆరా తీయరు. అక్కడ ఎవరిని చూశారో, ఏం విన్నారో బయట చెప్పకూడదన్నది అందరూ ఒప్పుకున్న పద్ధతి.

సొంత ఊరా, పక్క ఊరా?

ఈ పరువు లెక్క వల్లే గుంటూరువాళ్లు విజయవాడకీ, విజయవాడవాళ్లు గుంటూరుకీ వెళ్తామంటారు. దూరం ముప్పై అయిదు కిలోమీటర్ల లోపే. మంగళగిరి, తాడేపల్లి మీదుగా బస్సులు వస్తూనే ఉంటాయి. మొదటి నెల రోజులకి ఇది మంచి ఉపాయమే. ముఖం తెలియని చోట నోరు తేలిగ్గా విప్పుకుంటుంది.

కానీ లెక్క సరిగ్గా వేసుకోండి. ఆరున్నరకి విజయవాడ నడిబొడ్డున మీటింగు ఉందంటే గుంటూరు బ్రాడీపేటలో అయిదింటికల్లా బయల్దేరాలి. వారధి దాటాక బస్టాండు నుంచి మళ్లీ ఆటో. తిరిగి ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. వారానికి ఒకసారంటే వీలవుతుంది, మూడుసార్లంటే రెండో వారానికే ‘ఈ రోజుకి వద్దులే’ మొదలవుతుంది. ఆ ‘వద్దులే’ అన్న సాయంత్రమే మీరు రాసుకున్న ప్రమాదపు గంట. పైగా రెండు బస్టాండ్ల చుట్టూ ఎన్ని వైన్ షాపులున్నాయో మీకు తెలియనిది కాదు. 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టరు దొరుకుతోంది కాబట్టి, జేబులో మిగిలిన బస్సు చిల్లరే ప్రమాదం. మా సలహా: పక్క ఊళ్లో ఒకటి, సొంత ఊళ్లో లేదా ఫోన్లో రెండు. రెండు మూడు నెలలకి సిగ్గు తగ్గాక సొంత ఊరి గ్రూపునే ‘హోమ్ గ్రూప్’, అంటే ఎప్పుడూ వెళ్లే సొంత గ్రూపు, చేసుకోండి. అర్ధరాత్రి ఫోన్ చేస్తే స్కూటర్ మీద వచ్చేవాళ్లు అక్కడే ఉంటారు.

మంగళగిరి, తెనాలి, సత్తెనపల్లి వైపు పల్లెల్లో ఉన్నవాళ్లకి దూరంతో పాటు బెల్టు షాపు బెడద కూడా ఉంది. బడ్డీకొట్టులో తెల్లవారుజామునే సరుకు దొరికే ఊరిలో సాయంత్రం మీటింగు ఒక్కటే సరిపోదు. పొద్దున్నే ఫోన్లో ఇంకొకటి కావాలి.

ఫోన్లో మీటింగు

జూమ్‌లో ఏఏ మీటింగులు రోజంతా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉంటాయి. ఆన్‌లైన్ ఇంటర్‌గ్రూప్ వెబ్‌సైట్‌లో ఆ మీటింగుల జాబితా ఉంటుంది, భాష, సమయం బట్టి వెతుక్కోవచ్చు. ఇంగ్లీషు అర్థమయ్యేవాళ్లకి సమయాల తేడా ఒక వరం. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఏడు అంటే మనకి వేసవిలో తెల్లవారుజాము నాలుగున్నర, చలికాలంలో అయిదున్నర. పొద్దున్నే చెయ్యి సీసా మీదికి పోయేవాళ్లకి సరిగ్గా సరిపోతుంది. బ్రిటన్‌లో మధ్యాహ్నం రెండు అంటే మనకి వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అక్కడ గడియారం మార్చినప్పుడల్లా మన సమయం గంట జరుగుతుంది. ఇది మర్చిపోయి మార్చిలోనో అక్టోబరు, నవంబరుల్లోనో ఖాళీ గదిలో కూర్చుని ‘మూసేశారేమో’ అనుకునేవాళ్లు చాలామంది. తెలుగు ఆన్‌లైన్ మీటింగులు కావాలంటే స్థానిక ఏఏ సభ్యులనే అడగండి. లింకులు ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లోనే తిరుగుతుంటాయి.

గోప్యత విషయంలో రెండు జాగ్రత్తలు. జూమ్‌లో మీ ఆఫీసు ఖాతాతో వెళ్తే ఇంటిపేరుతో సహా పూర్తి పేరు తెర మీద పడుతుంది. లోపలికి వెళ్లకముందే పేరు మార్చుకోండి. వాట్సాప్ గ్రూపులో చేరితే మీ నంబరు అందరికీ కనిపిస్తుంది, ప్రొఫైల్ ఫొటో కూడా కనిపించవచ్చు. పిల్లల ఫొటో పెట్టుకుని ఉంటే మార్చండి. ఇంట్లో గోడలు పల్చనైతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మేడ మీదికి వెళ్లండి.

ఆన్‌లైన్‌కి ఉన్న పెద్ద లోటు ఏమిటంటే, వీడియో ఆపేసి, ఒక చేత్తో గ్లాసు పట్టుకుని కూడా కూర్చోవచ్చు. ఎవరికీ తెలియదు. ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ వీలుండదు. మొదటి మూడు నెలల్లో ఫోను మీదే ఆధారపడితే మనుషులతో పరిచయం కుదరదు. గదికి పోలేని రోజుకి, తెల్లవారుజాముకి, ఊరు దాటి పెళ్లికి వెళ్లినప్పటికి ఫోనును ఉంచుకోండి. ఆడవాళ్లకి మాత్రం ఈ మాట చెప్పం. మన ఊళ్లలో తాగుడు సమస్య ఉన్న స్త్రీ మగవాళ్లతో నిండిన గదిలోకి ఒంటరిగా వెళ్లి కూర్చోవడం ఎంత కష్టమో తెలిసిందే. స్త్రీలకే పరిమితమైన ఆన్‌లైన్ మీటింగుతో మొదలుపెట్టి, అక్కడ పరిచయమైన ఒక సభ్యురాలిని తోడు పెట్టుకోవడమే నయం.

స్మార్ట్ రికవరీ, ఆసుపత్రి గ్రూపు

మెట్లు, ప్రార్థన, ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని చెప్పుకోవడం ఏ కోశానా నచ్చనివాళ్లకి స్మార్ట్ రికవరీ ఉంది. 1994లో అమెరికాలో మొదలైంది. నాలుగు అంశాల మీద నడుస్తుంది: మానాలన్న పట్టుదల నిలుపుకోవడం, తాగాలనిపించినప్పుడు తట్టుకోవడం, ఆలోచనలనూ ఉద్వేగాలనూ సంబాళించుకోవడం, బతుకులో సమతూకం తెచ్చుకోవడం. అక్కడ నేర్పే ఒక అభ్యాసాన్ని ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. కాగితాన్ని నాలుగు గళ్లు చేసి, తాగితే లాభం, తాగితే నష్టం, మానితే లాభం, మానితే నష్టం అని రాయాలి. మానితే నష్టం అనే గడిని ఖాళీగా వదలకూడదు. ‘ఫ్రెండ్స్ పోతారు, నిద్ర పట్టదు, ఆదివారం ఏం చేయాలో తెలియదు’ అని నిజాయతీగా రాస్తేనే దేనికి దారి వెతకాలో తెలుస్తుంది. మన ఊళ్ల నుంచి స్మార్ట్ మీటింగుకి దారి ఎక్కువగా ఆన్‌లైన్, ఇంగ్లీషు. ఇంగ్లీషులో మనసు విప్పలేనివాళ్లకి పనికిరాదు. విప్పగలిగినవాళ్లు ఏఏతో పాటు దీన్నీ పెట్టుకోవచ్చు, ఒకటి చేస్తే ఇంకొకటి చేయకూడదని ఏమీ లేదు.

ఆసుపత్రిలోనో వ్యసన విముక్తి కేంద్రంలోనో నడిచే గ్రూపుని సైకాలజిస్టు లేదా సోషల్ వర్కరు నడిపిస్తారు. మందులు, లివర్ పరీక్షలు, దిగులు, నిద్రలేమి అన్నీ ఒకేచోట చూస్తారు. చికిత్స మొదలైన తొలి నెలల్లో ఇదే గట్టి ఆధారం. కానీ అది పగటిపూట, పనిదినాల్లో జరుగుతుంది. రోజుకూలీకి వెళ్లేవాళ్లకి ఒక పూట కూలి పోతుంది. సాయంత్రం ఎనిమిదింటికి ఆ డాక్టరు ఫోనెత్తరు. అందుకే ఆసుపత్రి గ్రూపునీ ఏఏనీ పోటీగా చూడకండి, జతగా పెట్టుకోండి.

జత కుదిరాక వచ్చే చిక్కు ఒకటుంది. మీటింగులో ఎవరో పెద్దాయన ‘మాత్రలు కూడా మత్తే, ఆపెయ్’ అంటాడు. ఆపకండి. మందుల విషయంలో సభ్యులు డాక్టరు అవతారం ఎత్తకూడదని ఏఏ ప్రచురణల్లోనే ఉంది. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటివి తాగాలన్న యావను తగ్గించే మందులు, మత్తు కాదు. దిగులుకి వాడే మందుని ఒక్కసారిగా ఆపితే తాగుడు మళ్లీ తలుపు తట్టవచ్చు.

పేరు వాడుకునే సెంటర్లు

ఫోన్లో ‘ఆల్కహాలిక్స్ అనానిమస్ విజయవాడ’ అని వెతికితే ముందు కనిపించేవి తరచూ ప్రైవేటు సెంటర్ల ప్రకటనలే. అవన్నీ చెడ్డవని కాదు. కానీ ఏఏకి ఆసుపత్రులు లేవు, పడకలు లేవు, తన పేరుని ఏ సెంటర్‌కీ అరువివ్వదు. ‘మాది ఏఏ సెంటరే, నెలకి ఇంత’ అని ఎవరైనా అంటే అది ఏఏ కాదు. ‘అడ్రసు చెప్పండి, బండి పంపుతాం, పట్టుకొచ్చేస్తాం’ అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 తాగుడు వల్ల వచ్చే మానసిక సమస్యలకీ వర్తిస్తుంది. చేర్చుకునే కేంద్రానికి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని సర్టిఫికెట్టు కనిపించేలా పెట్టాలి. మనిషి ఇష్టం లేకుండా చేర్చాలంటే అందుకు వేరే షరతులున్నాయి: సైకియాట్రిస్టుతో పాటు ఇంకొక నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి, మొదటిసారి గడువు ముప్పై రోజులు దాటకూడదు. కాళ్లూ చేతులూ పట్టుకుని వ్యాన్ ఎక్కించడం వైద్యం కాదు.

అసలు ఏఏని పట్టుకోవడానికి దారులు మూడు. ముంబైలోని ఏఏ ఇండియా జనరల్ సర్వీస్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఊరు బట్టి మీటింగులు వెతకడం ఒకటి. జీజీహెచ్ సైకియాట్రీ ఓపీలో సోషల్ వర్కరుని అడగడం రెండు. హెల్ప్‌లైన్‌లో అడగడం మూడు. నంబరు దొరికాక సాయంత్రం ఆరు తర్వాత చేయండి. ఎత్తేవాళ్లు కూడా పగలంతా ఉద్యోగం చేసుకునేవాళ్లే. ఎత్తకపోతే ‘తాగుడు గురించి మీటింగుకి రావాలి, ఎక్కడ?’ అని మెసేజ్ పెట్టండి. మాట్లాడేటప్పుడు ఇవి అడిగి రాసుకోండి: ఏ వారం, ఎన్నింటికి, ఏ గేటు, ఏ అంతస్తు, ఓపెనా క్లోజ్డా, తెలుగేనా, ఈ వారం జరుగుతుందా. చివరి ప్రశ్న మరవకండి. గ్రూపులు గదులు మారతాయి, వెబ్‌సైట్లో పాత అడ్రసు అలాగే ఉండిపోతుంది. పెద్ద చర్చి ఆవరణలకి గేట్లు రెండు మూడు ఉంటాయి. తప్పు గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి వెనక్కి తిరిగి వచ్చేసినవాళ్లు ‘మీటింగు లేదు’ అనే చెప్తారు. వీలైతే గేటు దగ్గరికి ఒకరిని రమ్మనండి. కొత్తవాళ్ల కోసం బయటికి రావడం వాళ్లకి మామూలే.

మొదటి గంటన్నర

పావుగంట ముందు చేరండి. బయట చిన్న బోర్డు ఉంటుంది, గుండ్రంలో త్రిభుజం గుర్తు ఉండవచ్చు. ఆ రోజు తాగి ఉన్నా లోపలికి వెళ్లవచ్చు, కానీ మాట్లాడకుండా వినమంటారు. ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి, ఫొటో తీయకూడదు. నిశ్శబ్దంగానో చిన్న ప్రార్థనతోనో మొదలవుతుంది. పన్నెండు మెట్లు చదువుతారు. తర్వాత షేరింగ్: తలా అయిదు నిమిషాలు, మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహా ఇవ్వరు. మీ వంతు వస్తే పేరు చెప్పి ‘ఈ రోజు వింటాను’ అంటే చాలు. గంట నుంచి గంటన్నరలో అయిపోతుంది.

అయిపోయాక టీ దగ్గరి పది నిమిషాలే అన్నిటికంటే విలువైనవి. అప్పుడే బయటికి వచ్చేస్తే సగం మీటింగు పోగొట్టుకున్నట్టే. కనీసం ఇద్దరి నంబర్లు తీసుకుని, అక్కడే ఒక మిస్డ్ కాల్ ఇచ్చి సేవ్ చేసుకోండి. తర్వాతి రోజు ఏమీ లేకపోయినా ఒకసారి ఫోన్ చేయండి. మామూలు రోజున చేయనివాళ్లు కష్టం వచ్చిన రోజున అసలు చేయరు. స్పాన్సర్ అంటే మెట్ల వెంట చెయ్యి పట్టుకుని నడిపే పాత సభ్యుడు. మొదటి రోజే ఎంచుకోనక్కర్లేదు. కనీసం ఒక ఏడాది పైగా మానినవాడై, మాట తక్కువ, ఫోన్ ఎత్తడం ఎక్కువ ఉన్నవాడిని చూసుకోండి. డబ్బు అప్పు అడిగేవాడిని, వైద్యం చెప్పేవాడిని వదిలేయండి. మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు ఉండటం మంచిది.

ఒక్క మీటింగు చూసి ‘నాకు కుదరదు’ అనకండి. ఒక రోజు ఒకరే అరగంట మాట్లాడేస్తారు, ఇంకో రోజు నలుగురే వస్తారు. ఆరు మీటింగులు, వీలైతే రెండు వేర్వేరు గ్రూపుల్లో కూర్చుని అప్పుడు తేల్చుకోండి. తేల్చుకునేటప్పుడు వక్తలు బాగున్నారా అన్నది చూడకండి. ఆ రాత్రి తాగకుండా పడుకున్నారా, ఎవరికైనా ఫోన్ చేయగలిగారా, అక్కడ చెప్పింది బయటికి పొక్కిందా అన్నవే చూడండి. పొక్కితే ఆ గ్రూపు మార్చేయండి.

ఇంట్లోవాళ్లకి వేరే గది

భార్యలకీ తల్లిదండ్రులకీ ఉన్నది అల్-అనాన్, 1951లో మొదలైంది. ఇందులో తాగేవాణ్ని ఎలా మాన్పించాలో నేర్పరు. తాగుడు మీ వల్ల రాలేదు, మీ అదుపులో లేదు, మీరు నయం చేయలేరు అన్న మూడు మాటల చుట్టూ తిరుగుతుంది. ఆయన మీటింగుకి వెళ్లకపోయినా మీరు వెళ్లవచ్చు, ఆయనకి చెప్పనక్కర్లేదు. గుంటూరు, విజయవాడల్లో మీకు అందే గ్రూపు లేకపోతే ఆన్‌లైన్‌లో చూడండి, లేదా ఏఏ ఓపెన్ మీటింగుకి వెళ్లి అక్కడికి వచ్చిన సభ్యుల భార్యలతో పరిచయం చేసుకోండి.

ఒక్క పని మాత్రం చేయకండి. కూరలోనో మజ్జిగలోనో తెలియకుండా డైసల్ఫిరామ్ మాత్ర కలపడం. ఆ మాత్ర ఒంట్లో ఉండగా మందు పడితే ముఖం ఎర్రబడటం, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం జరుగుతాయి. గుండె జబ్బు ఉంటే ప్రాణానికే ముప్పు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల వరకు ఆ ప్రభావం ఉండవచ్చు. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పరీక్షించాక వేసుకుంటేనే అది మందు.

మీటింగు నుంచి ఇంటికి

మీటింగు వదిలేది ఎనిమిదింటికి, అప్పటికి వైన్ షాపుల లైట్లు వెలుగుతూనే ఉంటాయి. వెళ్లేటప్పుడే తిరిగొచ్చే దారి చూసుకోండి: షాపు లేని వీధి, రెండు మలుపులు ఎక్కువైనా సరే. జేబులో బస్సుకీ టీకీ సరిపడా మాత్రమే ఉంచుకోండి. ఫోన్‌పే ఉన్న ఫోను జేబులో ఉంటే ఈ జాగ్రత్త సగమే, కాబట్టి మీ బ్యాంకు వీలిస్తే మొదటి నెల యూపీఐ పరిమితిని రోజుకి రెండొందలకి దించండి, లేదా ఖాతాని ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. ఆకలితో బయల్దేరకండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ముదిరినా నాలుక పీకుతుంది. అన్నం డబ్బా కాకపోయినా రెండు అరటిపళ్లు సంచిలో వేసుకోండి.

దారిలో కాళ్లు షాపు వైపు తిరిగితే, దుకాణం దాటాక కాదు, దానికి ముందే ఫోన్ తీయండి. టీ దగ్గర తీసుకున్న ఆ రెండు నంబర్లలో మొదటిది ఎత్తకపోతే రెండోది. ‘ఇప్పుడు బెంజి సర్కిల్ దగ్గరున్నా, తాగాలనిపిస్తోంది’ అని ఎక్కడున్నారో చెప్పండి. అవతలివాళ్లు మాట్లాడుతూనే ఉంటారు, మీరు బస్సు ఎక్కేదాకా. ఒకవేళ తాగేస్తే, మర్నాడు పొద్దున ఆ నంబరుకే ఫోన్ చేసి ‘నిన్న తాగాను, ఈ వారం మీటింగు ఎప్పుడు?’ అని అడగండి. ఎక్కడ తాగారు, ఎందుకు తాగారు అని వాళ్లు అడగరు. గేటు, సమయం మళ్లీ చెప్తారు.